విజయవాడలో ఒక స్ట్రోక్ యూనిట్: పేషెంటు తాలూకు మనిషి రాసిన 11 రోజుల రివ్యూ

ఆసుపత్రి పేరు రాయడం లేదు, అడగొద్దు. రెండో అంతస్తులో వార్డు వాళ్లకి దణ్ణం పెట్టి, కింద బిల్లింగు కౌంటరు దగ్గర నోరు పారేసుకుని వచ్చినదాన్ని. ఒకే పేరు మీద రెండూ రాయలేను. విజయవాడలో ప్రైవేటుది, స్ట్రోక్ (పక్షవాతం) యూనిట్ అని విడిగా 12 మంచాలుంటాయి. మేం ఉన్నది 11 రోజులు, 7వ నంబరు మంచం, కిటికీ పక్కది.

నేను తెనాల్లో ఓ చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ని. సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే రక్తంలో పెరిగేది), షుగరు, డెంగీ, పద్నాలుగేళ్లుగా ఇదే బతుకు. జ్వరాల రోజుల్లో పూటకి ఇరవై సీఆర్పీలు చేస్తాను. కాబట్టి ఇందులో క్యాంటీన్ సాంబారు కంటే రిపోర్టుల గోలే ఎక్కువ. ఓపిక లేనివాళ్లు చివరికి వెళ్లి మార్కులు చూసుకోండి.

పేషెంటు మా మావయ్యగారు, 71 ఏళ్లు, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే 5:50కి పాల ప్యాకెట్టు కత్తిరిస్తుంటే చేతిలో కత్తెర జారిపోయింది. తీశారు. మళ్లీ జారింది. "ఏమైందండీ" అని అత్తయ్య అడిగితే మాట రాలేదు, మూతి ఎడమకి లాగేసింది. ముప్ఫై ఏళ్లు టిక్కెట్లు చింపిన కుడి చెయ్యి బనీను అంచు కూడా పట్టుకోలేకపోయింది.

ఊళ్లో మొదట తీసుకెళ్లిన చోట సీటీ మిషన్ ఉంది, దాన్ని నడిపే అబ్బాయి మాత్రం తొమ్మిదింటికి వస్తాడట. బీపీ చూసి, సెలైన్ పెట్టి, "కాసేపు చూద్దాం" అన్నారు. ఆ కాసేపు 40 నిమిషాలయింది. ఇక లాభం లేదని మా ఆయన కారు తీశాడు. విజయవాడ చేరేసరికి 8:05, సీటీ తీసి సూది వేసేసరికి 8:40.

సూది గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. గడ్డ కరిగించే మందు, టెనెక్టెప్లేజ్, బరువుని బట్టి ఒకే డోసు, లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు పడాలి. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క కట్టారు. మా ఊళ్లో పోయిన ఆ 40 నిమిషాల్ని నేను ఇప్పటికీ గుణించుకుంటూనే ఉంటాను. ఇక్కడ గుమ్మం తొక్కిన 35 నిమిషాల్లో వేశారు, దానికి పూర్తి మార్కులు. అయితే సూది వేగంగా వేసే చోట్లు ఇప్పుడు విజయవాడలో ఇదొక్కటే కాదు. నాచేత ఇదంతా రాయిస్తున్నది సూది తర్వాతి పది రోజులు.

మొదటిరోజు మధ్యాహ్నం మావయ్యగారు కళ్లు తెరిచి నోరు చప్పరించారు. అత్తయ్య ఫ్లాస్కు మూత తీసింది. ఎక్కణ్ణించి ఊడిపడిందో సిస్టరు, పాతికేళ్లు కూడా ఉండవు, ఫ్లాస్కు మీద చెయ్యి పెట్టేసింది.

"మామ్మగారూ, వద్దు. మింగుడు టెస్టు అయ్యేదాకా చుక్క కూడా వద్దు."

"కాఫీ నీళ్లేగా అమ్మా."

"నీళ్లతోనే భయం మామ్మగారూ. అన్నం ముద్దయినా గొంతులో ఆగుతుంది, నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

ఆ టెస్టు దగ్గరుండి చూశాను. మంచం తలవైపు బాగా ఎత్తి, వెనక దిండు పెట్టి, ఒక చెంచా నీళ్లు పోసింది. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి గుటక పడుతోందా లేదా చూసింది. "తాతగారూ, ఆఁ అనండి." ఆయన అన్నారు. ఆ "ఆఁ" తడిగా, లోపల బుడగలు పొంగుతున్నట్టు వచ్చింది. రెండో చెంచాకి దగ్గు. అక్కడితో ఆపేసి మంచం తలాపున ఎర్ర అట్ట తగిలించింది: నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు. సాయంత్రానికి ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పోసే గొట్టం, రైల్స్ ట్యూబు, వేశారు. లక్షలు పోసి కొన్న మిషన్లున్న ఆ అంతస్తులో అంత ముఖ్యమైన పరీక్ష జరిగింది స్టీలు టీ చెంచాతో.

అప్పట్నుంచి నాలుగు గంటలకోసారి థర్మామీటరు. 99.5 దాటితే పారాసిటమాల్. మా ఇళ్లలో 99.5ని జ్వరం అనరు, "ఒళ్లు కాస్త వెచ్చబడింది" అని మజ్జిగన్నం పెడతారు. దానికింత హడావుడేమిటని జూనియర్ డాక్టరమ్మని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లు తీసుకుని, వాటిలో కొన్నిట్లో నర్సులకి మూడే మూడు పనులు గట్టిగా నేర్పారట: జ్వరం దించడం, షుగరు అదుపు చెయ్యడం, మింగుడు చూడ్డం. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడు నెలలకి చనిపోయినవాళ్లూ, ఒకరి మీద ఆధారపడాల్సి వచ్చినవాళ్లూ కలిపి మామూలు వార్డుల్లో నూటికి 58 మంది అయితే, ఈ మూడూ చేసిన వార్డుల్లో 42 మంది. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు. నాకు మతిపోయింది.

రెండోరోజు సీబీపీ రిపోర్టు సిస్టరు చేతిలోంచి దాదాపు లాక్కుని చూశాను. తెల్లకణాలు 12,400. వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం నూటికి 84, లింఫోసైట్స్ అనే రకం 9. మా ఊళ్లో ఈ కాగితం పట్టుకెళితే ఇన్ఫెక్షన్ అని చెప్పి ఐదు రోజుల యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. నేనూ అదే అన్నాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇంకా ఇన్ఫెక్షన్ లేదండీ. ఇది స్ట్రోక్ మొహమే." ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

మూడోరోజు ఎక్కింది. పొద్దుటినుంచి మావయ్యగారు మగతగా ఉన్నారు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తున్నారు. రెండో సీటీ తీశారు. మెదడు వాచిందన్నారు. ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. నీరు చేరి ఉబ్బినా వాపే, ఒంటి రక్షణకణాలు దండెత్తి మంట పుట్టించినా వాపే. డాక్టర్లు మొదటిదాన్ని ఎడీమా అంటారు, రెండోదాన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. బంధువులకి ఫోన్లో చెబుతూ నేనే రెండూ కలిపేసి అందర్నీ గాభరా పెట్టాను. పెద్ద డాక్టరు గారు సాయంత్రం రౌండ్స్‌కి వచ్చి, సీటీ కవరు తిరగేసి, బాల్‌పెన్నుతో బొమ్మ గీశారు. ఆ కవరు ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఆయన చెప్పింది ఇదీ. రక్తం అందక చచ్చిన కణాలు పగిలి లోపలి సరుకు బయటపడుతుంది. మెదడుకి సొంత కాపలా ఉంది, మైక్రోగ్లియా అని. ఆ సరుకు తగిలీ తగలగానే అవి లేచి కేకలేస్తాయి. ఆ కేకలే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాలు. (ఈ చివరిదాని కబురు అందుకునే కాలేయం సీఆర్పీ తయారుచేస్తుంది. అంటే ఇన్నేళ్లూ నేను మిషన్లో కొలుస్తున్నది ఎక్కడో వేసిన కేకకి ప్రతిధ్వని అన్నమాట. ఎవరూ చెప్పలేదు!) కేక వినగానే రక్తనాళాల లోపలి గోడ జిగురు పూసుకుంటుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్స్ దానికి అంటుకుని గోడ దాటి లోపల పడతాయి. పడ్డాక ఊరుకోవు, ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు వదులుతాయి. అవి రక్తానికీ మెదడుకీ మధ్యనున్న కంచెని కోసేస్తాయి. కంచె తెగిన చోట నీరు ఊరుతుంది. మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య ఆ ఉబ్బు ముదురుతుంది, మావయ్యగారి మగత అదే.

మాది డెల్టా. వరికుప్ప అంటుకుంటే ఊరంతా బిందెలు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది, కుప్ప ఆరేలోపు పక్కవాడి మినప చేను తొక్కుడైపోతుంది. నేను ఆ మాటే అన్నాను. ఆయన నవ్వి, "అంతేనమ్మా. కాకపోతే వాళ్లని రావద్దనలేం. రేపు బూడిద ఎత్తిపోసి చేను బాగుచేసేదీ వాళ్లలో కొందరే" అన్నారు. మంచం తల 30 డిగ్రీలు ఎత్తి ఉంచారు, సెలైన్లు లెక్క చూసి ఎక్కించారు, గంటగంటకీ కంటిపాపల్లో టార్చి వేసి చూశారు. ఉబ్బు మరీ పెరిగితే పుర్రె ఎముక కొంత తీయాల్సి ఉంటుందని ముందే కాగితం మీద రాసి సంతకం చేయించుకున్నారు. అంతదూరం రాలేదు.

ఈలోపు డల్లాస్ నుంచి మా మరిది. "వదినా, ఇన్‌ఫ్లమేషనే అయితే స్టెరాయిడ్ ఇవ్వచ్చుగా? అసలు ఆ కణాల్ని లోపలికి రానివ్వని ఇంజెక్షనేమీ లేదా?" మంచి ప్రశ్నే, తప్పు పట్టను. స్టెరాయిడ్ ఇలాంటి స్ట్రోకులో ఉబ్బుకి పనిచెయ్యదు, పైగా షుగరు పెంచుతుంది, ఇన్ఫెక్షన్లకి తలుపు తీస్తుంది. ఇక రెండోది, నిజంగానే చేసి చూశారు. ఆ జిగురుని కప్పేసే ఎన్లిమోమాబ్ అనే యాంటీబాడీని 625 మందితో పరీక్షించారు, 2001లో ఫలితాలు వచ్చాయి. మందు ఎక్కించుకున్నవాళ్లే ఎక్కువ పాడయ్యారు. జ్వరాలు ఎక్కువ, ఇన్ఫెక్షన్లు ఎక్కువ, చావులూ ఎక్కువే. అది ఎలుకనుంచి వచ్చిన యాంటీబాడీ కాబట్టి దానిమీదే ఒళ్లు తిరగబడి ఉంటుందని ఒక వివరణ. మా మరిదికి ఇదంతా వాయిస్ మెసేజి పెట్టాను, ఆరు నిమిషాలు. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

అదే రోజు రేపల్లె నుంచి మా ఆయన మేనత్త దిగింది, పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందని. పావురాన్ని తేలేదు, పట్టుకొచ్చేవాణ్ణి మాట్లాడి వచ్చింది. సెక్యూరిటీ అబ్బాయి ఆవిడతో మాట్లాడిన ఓర్పుకి ఇక్కడ విడిగా అర మార్కు వేస్తున్నాను.

ఇప్పుడు ఆ లింఫోసైట్స్ 9 సంగతి. మెదడులో ఒకపక్క అలా తగలబడుతుంటే, మిగతా ఒంట్లో దానికి పూర్తిగా విరుద్ధంగా కాపలా దిగిపోతుంది. దెబ్బతిన్న మెదడు ఒత్తిడి సంకేతాలు పంపుతుంది, అడ్రినలిన్ రకం హార్మోన్లూ కార్టిసాలూ పొంగుతాయి, రక్తంలో లింఫోసైట్లు పడిపోతాయి. 2003లో బెర్లిన్‌లో ఎలుకలకి స్ట్రోక్ తెప్పించి చూశారు. ఎవరూ ఏ క్రిమినీ ఎక్కించకుండానే వాటికి న్యుమోనియా వచ్చింది, రక్తంలో బ్యాక్టీరియా కనిపించింది. అడ్రినలిన్‌ని అడ్డుకునే ప్రొప్రనొలాల్ ఇస్తే ఆ ఇన్ఫెక్షన్లు ఆగాయి. ఒళ్లు తన మెదడు మీదే పడి కొరక్కుండా ఆయుధాలు దించేసుకుంటుందేమోనని కొందరి అనుమానం. ఏదైతేనేం, గుటక సరిగా పడని మనిషికి అదే వారంలో కాపలా కూడా ఉండదు. ఎర్ర అట్ట విలువ నాకు అప్పుడు తెలిసింది. రోజుకి రెండుసార్లు దూదితో, మందు నీళ్లతో పళ్లూ నాలికా తుడిచేవాళ్లు. మొదట్లో ఇది ముస్తాబు అనుకున్నాను. నోట్లో క్రిములు తగ్గితే ఉమ్మితోపాటు కిందికి దిగేవీ తగ్గుతాయి. ఆ పని చేసే ఆయా గారు ఒక్కపూట మానలేదు.

ఇంత తెలిసీ నాలుగోరోజు రాత్రి ఏం జరిగిందో రాయాలి. ఎనిమిదింటికి సిస్టర్లు డ్యూటీ మారతారు, ఓ పది నిమిషాలు అందరూ కౌంటరు దగ్గరుంటారు. నేను మందులకి కిందికి వెళ్లాను. పైకొచ్చేసరికి అత్తయ్య చీర కొంగుతో మావయ్యగారి గడ్డం తుడుస్తోంది. కొంగు మీద గోధుమరంగు మరక. "రెండు చెంచాలేనే. నాలుగు రోజులైంది, నోరు ఎండిపోయిందని సైగ చేశారు." నేనేమీ అనలేకపోయాను. సిస్టరుకి మాత్రం చెప్పేశాను.

తెల్లవారుజామున 2 గంటలకి జ్వరం, 100.6. పొద్దున ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద మచ్చ. ఆరోజు సీఆర్పీ 94. చేరినరోజు 3.8, మూడోరోజు 31. మూడోరోజు వరకూ పెరిగింది స్ట్రోక్ ఖాతాలో వేసుకోవచ్చు, ఈ గెంతు అలాంటిది కాదు. కళ్లె కల్చర్‌కి (ఏ క్రిమో పెంచి చూసే పరీక్షకి) పంపి, ఆ తర్వాతే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇది నేను ల్యాబ్ మనిషిగా మనసారా మెచ్చుకునే సంగతి. మా ఆయన మొదటిరోజే "పెద్ద యాంటీబయాటిక్ వేసెయ్యండి, రాకముందే ఆపొచ్చు" అని పట్టుబట్టాడు. వాళ్లు వినలేదు. నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా పేషెంట్లతో సరిగ్గా అదే చేసి చూశారట, ముందుజాగ్రత్తగా నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్. 2015లో తేలిందేమిటంటే మూడు నెలల తర్వాతి కోలుకోవడంలో తేడా ఏమీ రాలేదు. అదే ఏడాది బ్రిటన్ నుంచి వచ్చిన ఇంకో పరీక్షా అదే చెప్పింది. కల్చర్ రెండోరోజుకి వచ్చింది, దాన్నిబట్టి మందు ఒకటి తీసేశారు కూడా. తీసెయ్యడం! మా వైపు మందు కలపడమే చూశాను.

పెద్ద డాక్టరు గారు అత్తయ్యతో అన్నమాట ఒకటి రాసి తీరాలి. "కాఫీ వల్లేనని చెప్పలేమమ్మా, నిద్రలో ఉమ్మి దిగినా వస్తుంది ఇది." అది నిజమే, వైద్యంగా కూడా నిజమే. కానీ ఆయన అది చెప్పడానికి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. అత్తయ్య ఈ రివ్యూ చదవదు కాబట్టి మరక సంగతి రాశాను.

ఎనిమిదోరోజుకి సీఆర్పీ 40, పదోరోజుకి 18. లింఫోసైట్స్ 22కి వచ్చాయి. తొమ్మిదోరోజు మళ్లీ అదే స్టీలు చెంచా, ఈసారి చిక్కటి రాగిజావ. దగ్గు రాలేదు. కుడికాలు పైకి లేపుతున్నారు, చెయ్యి ఇంకా భుజం దగ్గరే ఆగుతోంది, "రైట్ రైట్" అనే మాట స్పష్టంగా వస్తోంది. ఉద్యోగం మాట ముందొచ్చింది, మా పేర్లు తర్వాతొచ్చాయి.

తిట్లు. ఫిజియోథెరపీ రోజుకి పావుగంట, బిల్లులో గంట. సీఆర్పీ పదకొండు రోజుల్లో తొమ్మిదిసార్లు వేశారు, ఒక్కోటి మా ల్యాబ్ రేటుకి మూడింతలు. రోజు విడిచి రోజు చేస్తే సరిపోయేది, నా ఉద్యోగం మీద ఒట్టు. కౌంటరులో ఈ మాటంటే "ప్రోటోకాల్ మేడం" అన్నాడు, అక్కడే నోరు పారేసుకున్నది. డిశ్చార్జి పొద్దున పదింటికన్నారు, చేతికి కాగితం వచ్చింది సాయంత్రం నాలుగున్నరకి. క్యాంటీన్ ఇడ్లీ ఫర్వాలేదు, సాంబారు తాగేనీళ్లే. రాత్రి తోడున్న మనిషికి ఇచ్చే కుర్చీలో నా నడుము పోయింది.

అన్నిటికంటే ఒళ్లు మండింది మందుల కౌంటరు దగ్గర. కౌన్సెలర్ అని ఒకమ్మాయి "మెదడులో ఇన్‌ఫ్లమేషన్ తగ్గడానికి" అంటూ పసుపుసారం క్యాప్సూళ్ల డబ్బా చేతిలో పెట్టింది, 2,400 రూపాయలు. పైన వార్డులో డాక్టర్లు ఎంతో ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడిన మాట కిందికి దిగేసరికి డబ్బా మీద లేబులైపోయింది. మావయ్యగారు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకుంటున్నారు, మీద ఇదొకటా? పైకి పట్టుకెళ్లి అడిగితే పెద్ద డాక్టరు గారు చీటీ మీద ఆ లైను కొట్టేసి "పప్పులో పసుపు చాలు" అన్నారు. మా మరిది చివరి కోరిక ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కాల్చిసిన్ బిళ్ల, అదీ రాయలేదు. 2024లో వచ్చిన 3,154 మంది పరీక్షలో అది సీఆర్పీని తగ్గించింది గానీ, మళ్లీ స్ట్రోకో గుండెపోటో రాకుండా ఆపిందని గట్టిగా తేల్చలేకపోయారట. కొలెస్ట్రాల్ బిళ్ల అటోర్వాస్టాటిన్ మాత్రం మానొద్దని రెండుసార్లు గీత గీసి ఇచ్చారు.

మార్కులు: వార్డు నర్సులకి, ఆయా గారికి 5కి 5. డాక్టర్లకి నాలుగున్నర, ఆ అర ఎందుకు కోశానంటే మూడోరోజు దాకా ఎవరూ బొమ్మ గియ్యలేదు, ముందే చెప్పి ఉంటే మగత చూసి మేం అంత హడలిపోయేవాళ్లం కాదు. బిల్లింగుకి ఒకటి. ఎవరైనా అడిగితే తీసుకెళ్లమంటాను. రాత్రిళ్లు వార్డులో ఏసీ చలి, దుప్పటి తెచ్చుకోండి. డ్యూటీ మారే పది నిమిషాలు మంచం దగ్గర గట్టి మనిషిని పెట్టండి.

వచ్చేముందు జ్వరం చార్టు నకలు అడిగాను. రికార్డు రూములో అర్జీ పెట్టుకోవాలన్నారు, ఇచ్చేసరికి పది రోజులట. సిస్టరు అటు తిరిగి నిలబడింది, నేను ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఐదోరోజు 2 గంటల గడిలో ఎర్ర సిరాతో 100.6, దాని పక్కనే చిన్నక్షరాలతో "డాక్టరుకి చెప్పాను, 2:04".